గంట కొట్టాక గది మారాలి

"గంట కొట్టాక కూడా అదే గదిలో కూర్చుంటే?" ముసలాయన అడిగాడు.

"తప్పిపోతాం!" పిల్లలు ఒక్కసారిగా అరిచారు.

"ఎవరూ తప్పిపోరు. ఎదురుపడ్డవాళ్ళని అడుగుతారు. అడగడానికి సిగ్గేమిటి? పదండి, మళ్ళీ మొదటినుంచి."

చేతిగంట గణగణమంది. నలభై మంది పిల్లలు బిలబిలమంటూ మెట్లెక్కారు.

అందరూ ఐదో తరగతి దాటి ఆరులోకి వస్తున్నవాళ్ళే. చిన్న బడిలో ఒకటే గది, ఒకటే టీచరు. ఈ పెద్ద బడిలో పీరియడుకో గది, గదికో టీచరు. బడి తెరిచే ముందు వారం రోజులు పిల్లల్నీ ఇంట్లోవాళ్ళనీ పిలిచి, ఈ తిరుగుడంతా ఆయన అలవాటు చేయిస్తాడు.

వాళ్ళలో ఒక పిల్లని నిన్న తండ్రి తీసుకొచ్చాడు. ఇవాళ తల్లి వచ్చింది. బట్టలు కుట్టే మనిషి. వరండాలో నిలబడి ఆ గొంతు విన్నదో లేదో, ఒళ్ళు భగ్గుమంది.

వాడే! జుట్టు నెరిసింది, నడుం వంగింది, గొంతు మాత్రం అదే.

ముప్పై ఏళ్ళ కిందట ఇదే బడిలో ఆమె ఆరో తరగతి, మొదటి రోజు. గది మారాలని ఎవరు చెప్పారు గనక? కూర్చున్నచోటే కూర్చుంది. ఎనిమిదో తరగతివాళ్ళు వచ్చి పడి పడి నవ్వారు. వాళ్ళ లెక్కల మాస్టారు "చెవుడా నీకు?" అని పీరియడంతా బెంచీ మీద నిలబెట్టాడు. భయానికి గౌను తడిసింది. మళ్ళీ నవ్వులు.

మర్నాటినుంచి బడికి పోనని మొండికేసింది. ఆ నెలలోనే ఇల్లు మారారు. చదువు అంతటితో సరి. పెళ్ళయ్యాక మళ్ళీ ఈ ఊరు వచ్చింది. మిషను తొక్కుతూ ఆ మాస్టార్ని తిట్టుకోని రోజు లేదు.

"అమ్మా! నిన్న మూడుసార్లు తప్పాను, ఇవాళ ఒక్కసారే!" కూతురు పరిగెత్తుకుంటూ వచ్చింది. పెద్ద బడి అంటేనే కడుపునొప్పి తెచ్చుకునే పిల్ల. "తాతగారు ఎంత మంచివారో!"

"తాతా తోటకూరా! నడు ఇంటికి."

దారిలోనే వాకబు చేసింది. ఆయన ఉద్యోగం ఎప్పుడో అయిపోయిందట. ఈ వారం మాత్రం తనంతట తానే వస్తాడట. అంటే ఆయన్ని రాకుండా చేయడానికి ఒక్క కాగితం చాలు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

పక్కింటావిడ చేత రాయించింది: 'మా అమ్మాయిని పీరియడంతా బెంచీ మీద నిలబెట్టి నవ్వులపాలు చేశాడు.'

"అయ్యో, ఎప్పుడు వదినా? నేనూ అక్కడే ఉన్నానే!"

"నీ పిల్లదాకా వస్తే తెలుస్తుందిలే. ముందు సంతకం పెట్టు."

అలా పదకొండు మంది చేత పెట్టించింది. అన్నిటికంటే పైన తన పేరు తానే రాసింది, ఒక్కో అక్షరం నొక్కి నొక్కి.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ కాగితం చదివి, "ఆయన్ని అడుగుతాను" అంది.

"అడగడమేంటి మేడమ్? గేటు తొక్కనివ్వకండి!"

ఆ మరుసటి రోజు గంట మోగలేదు. పిల్లలు మెట్ల మీద దిక్కులు చూస్తూ కూర్చున్నారు. గేటు దగ్గర ఆమెకి నవ్వాగలేదు. ముప్పై ఏళ్ళ కడుపుమంట చల్లారింది. బాగా అయింది, ముసలాడికి తిక్క కుదిరింది!

"అమ్మా, సైన్సు గది ఇంకా చూపించలేదు. సోమవారం నేనెలా వెళ్ళాలి?" పిల్ల ఏడుపు మొహం పెట్టింది. "నన్ను నిలబెట్టారని రాశావటగా? నన్నెప్పుడు నిలబెట్టారు?"

"నిన్ను కాదే, నన్ను!"

పిల్లకి ఏమీ అర్థం కాలేదు. ఆమె మొహం తిప్పుకుంది.

అంతలో హెడ్మిస్ట్రెస్ నుంచి పిలుపొచ్చింది.

"ఆయన ఒప్పుకున్నారమ్మా."

"ఒప్పుకున్నాడా?" ఆమె గతుక్కుమంది. చేయనిదాన్ని ఎలా ఒప్పుకుంటాడు?

"ఒప్పుకుని, ఒక మాట దిద్దారు."

కాగితం చేతికిచ్చింది. 'మా అమ్మాయిని' అన్నది ఎర్రసిరాతో కొట్టేసి ఉంది. పైన 'నన్ను' అని రాసి ఉంది. అట్టడుగున 'నిజం' అని ఆయన సంతకం.

ఆమె ఆ మాట మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది.

"ఆయన... ఎక్కడున్నారు మేడమ్?"

"పొద్దున్నే కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఏ ఊరో చెప్పలేదు. ఇక రానన్నారు."

"నేను... కోపంలో..."

హెడ్మిస్ట్రెస్ బీరువా తెరిచి, ఏటా ఈ వారానికి ఆయన రాసుకునే హాజరు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. ఇరవై తొమ్మిది.

"మొదటి వరసలో ఏటేటా ఒకటే పేరు. ఎవరీ పిల్ల అంటే, వస్తుంది లెండి అనేవారు. నిన్న మీ సంతకం చూశాకే నాకు తెలిసింది."

ఆమె ఒక్కొక్కటీ తిప్పింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె పేరుకి ఎదురుగా ప్రతి గడిలోనూ 'రాలేదు' అనే ఉంది. చిట్టచివరి పుస్తకంలో, నిన్నటి గడిలో మాత్రం, ఆయన 'వచ్చింది' అని రాసి వెళ్ళాడు.