ఒపల్ పక్క సీటు

"'కె' అక్షరం తిరగేసి రాయాలయ్యా! అంత మంచి బంతి ముందునుంచి పోతుంటే వాడు బ్యాటు కదపకుండా చూస్తూ నిలబడ్డాడు. అలా అవుటైనవాడికి తిరగేసిన కె. చెరుపు, చెరుపు!"

పక్క సీటు ముసలమ్మ మాటకి లైల్ బెకర్ స్కోరు అట్టమీద రాసింది బుద్ధిగా చెరిపాడు.

అరవై రెండేళ్ల మనిషి. ఇళ్ల లోన్లిచ్చే కంపెనీని ముప్పై ఏళ్లు నడిపి, అమ్మేసి, ఆ డబ్బుతో తన ఒహాయో ఊరి బేస్‌బాల్ జట్టుని కొనుక్కున్నాడు. స్టేడియంలో పైన అద్దాల గది ఆయనదే. అక్కడికొచ్చే ప్రతివాడూ భుజం తట్టి, ఆనక ఏదో ఒకటి అడిగేవాడే. ఊరికే వచ్చి కూర్చున్నవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

అందుకే బుధవారం మధ్యాహ్నం ఆటలకి పాత టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కిందికి దిగేవాడు. ఎండలో ఉండే చౌక సీట్లలో, ఒపల్ అనే ఈ ముసలమ్మ పక్కన కూర్చునేవాడు. తన పేరు రే అని చెప్పాడు.

ఒపల్‌కి ఎనభై దాటాయి. ప్రతి బంతీ అట్టమీద పెన్సిల్‌తో రాసుకునేది. వేరుశెనక్కాయలు ఒలిచి సగం ఇతని చేతిలో పోసేది. ఏమీ అడిగేది కాదు.

"మీ ఇల్లు దగ్గరేనా అమ్మా?" అన్నాడొక రోజు.

"ఇప్పుడు ఒంటి గది. ఇల్లుండేదిలే, లిండెన్ వీధిలో. మా ఆయన మంచాన పడ్డ ఏడాది కిస్తీలు తప్పాయి. లోను కంపెనీవాళ్లు తలుపుకి కాయితం అంటించి పోయారు."

"ఏ కంపెనీ?"

చెప్పింది.

లైల్‌కి నోట్లోని వేరుశెనగ పలుకు గొంతుకి అడ్డం పడింది. అది తన కంపెనీయే. అలాంటి కాయితాల మీద వేల సంతకాలు పెట్టాడు గానీ, ఒక్క గడపా తొక్కి చూడలేదు.

"మెల్లగా నమలవయ్యా! నిన్నెవరు తరుముతున్నారు?" ఒపల్ అతని వీపు నిమిరింది.

చెప్పేద్దామనుకున్నాడు. చెబితే ఈవిడ లేచి పోతుంది. పోతే తనకింకెవరున్నారు?

వచ్చే బుధవారం చెబుదాంలే అనుకున్నాడు. ఆ బుధవారం వస్తే, ఆ పై బుధవారం అనుకున్నాడు. వేసవంతా అలాగే గడిపేశాడు, పిరికివాడు.

సెప్టెంబరులో ఆఖరి ఆట. ఇవాళ చెప్పి తీరాలని గుండె రాయి చేసుకుని వచ్చాడు.

ఒపల్ రాలేదు.

ఆట సగంలో ఉండగానే లేచి టికెట్ల కౌంటరు దగ్గరికి వెళ్లాడు. లోపల టికెట్లమ్మే రోండా ఉంది.

"ఒపల్ గారని, బుధవారాలు వచ్చేవారు... ఇవాళ కనబడలేదే?"

"ఆదివారం పోయిందండీ. నిద్రలోనే."

లైల్ కౌంటరు గట్టు పట్టుకుని నిలబడ్డాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆవిడకి ఒక్క మాట చెప్పాల్సింది రోండా. నేనెవరో పాపం ఆవిడకి తెలీదు."

రోండా అతన్ని వింతగా చూసింది.

"తెలీకపోవడమేంటి బెకర్ గారూ? వారం వారం రెండు టికెట్లు కొనేది కదా! 'ఒకటి నాకు, ఒకటి నా ఇల్లు పట్టుకుపోయిన మీ ఓనరుకి. పక్కన కూర్చోడానికి ఆయనకెవరూ లేరమ్మా' అనేది."