ఆడపెళ్ళివారి లోపం

పెళ్ళికూతురికి ఎర్ర పట్టుచీర అడిగితే అనుదీప్ ఆకుపచ్చది ప్యాక్ చేసి ఇచ్చాడు.

తాడేపల్లిగూడెంలో ఆ బట్టల కొట్టుకు రేపటి యజమాని అతనే. పెళ్ళివారు కొట్టు మీదికొచ్చి నానా మాటలూ అన్నారు. నాయనమ్మ రత్నాంబకు తల కొట్టేసినట్టయింది.

"ఇలా రంగులు పోల్చుకోలేకపోవడం మా ఇంటా వంటా లేదు" అంది కోడలు విజయకుమారితో. "ఇది మీ వైపుదని తేలిందా, ఇక బట్టలు సర్దుకో. తణుకులో మీ పుట్టింట్లో దింపించేస్తాను."

విజయకుమారి కళ్ళొత్తుకుంది. అత్తగారు అన్నంత పనీ చేసే మనిషి.

కొడుకు పెళ్ళిపీటల మీద కూర్చున్న నాటి నుంచి రత్నాంబకు లోకంలో రెండే జాతులు. మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు. మనవడికి మీసాలొచ్చినా ఆవిడకు ఆ విడిదింటి దర్జా మాత్రం దిగలేదు.

ఏలూరులో కంటి డాక్టరు అనుదీప్‌కి రంగు చుక్కల బొమ్మలు చూపించాడు. వాటిలోని అంకెలు అతనికి కనిపించలేదు.

"ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియడం లేదండి. పుట్టుకతో వచ్చిందే. మగపిల్లలకి ఇది తండ్రి నుంచి రాదు. తల్లి ఇచ్చే ఎక్స్ క్రోమోజోమ్‌తో వస్తుంది. ఆవిడకి మాత్రం రంగులు బాగానే తెలుస్తాయి" అన్నాడు డాక్టరు.

రత్నాంబ కోడలి వైపు ఓ చూపు చూసింది.

"మీ నాన్నగారికి రంగులు తెలుస్తాయా అమ్మా?" డాక్టరు విజయకుమారిని అడిగాడు.

"టమాటా పండిందో లేదో ఆయన నొక్కి చూస్తారండి."

రత్నాంబ ఆ సంగతి అప్పుడే వింటున్నట్టు ముక్కున వేలేసుకుంది. ఇంకేం కావాలి?

ఆస్పత్రి మెట్ల మీద నుంచే వియ్యంకుడు నాగేశ్వరరావుకు ఫోన్ కొట్టింది. కోడలు కూడా వినాలని స్పీకర్ పెట్టింది.

"మగపిల్లాడికి ఇది తల్లి నుంచే వస్తుందని డాక్టరు గారు తేల్చేశారు. ఇంత లోపం పెట్టుకుని మా ఇంటికి పిల్లనెలా ఇచ్చారు? మీ వంశానిది తెచ్చి మా వంశానికి అంటగట్టారు. రేపే మీ అమ్మాయిని పంపించేస్తున్నాను."

నాగేశ్వరరావు అడ్డు చెప్పకుండా అంతా విన్నాడు. ఆడపిల్ల తండ్రి మరి. చివరికి మెల్లగా నోరు విప్పాడు.

"అయితే నాకిది మన అమ్మే ఇచ్చుంటుంది అక్కా."