మూడుంపావు బస్సు

రెండు బంగారు గాజుల మధ్య నల్లటి పట్టీ ఇరుక్కుని ఉంది.

"వాచీ అయితే టైమేదే?" అంది జానకీదేవి, మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ.

"వాచీ కాదమ్మా. నీ గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తుంది. నా ఫోన్‌లో కనపడుతుంది."

"నా గుండె నీ ఫోన్‌లోనా?"

దేదీప్య పట్టీ కొంచెం వదులు చేసింది. ఇవాళ మదర్స్ డే అని చెప్పలేదు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. భర్త శ్రీవత్స పొద్దున్నే లేచి, గడ్డి కోసే మిషన్ తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఆ పట్టీ కొన్న డబ్బు కొడుకు మానవ్‌ది.

కిందటి నవంబర్‌లో ఆఫీస్ బెనిఫిట్స్ ఫారం నింపుతూ, టాక్స్ పడకముందే జీతంలోంచి వైద్యానికి తీసిపెట్టే ఖాతాలో, ఎంతవరకు పెట్టనిస్తే అంతా పెట్టింది దేదీప్య. ఏడాది పొడుగునా కీమో ఉంటుందన్నారు డాక్టర్లు.

ఫిబ్రవరి రెండోవారం వరకే అవసరం పడింది.

మానవ్‌కి ఎనిమిదేళ్లు.

మే నెల మొదట్లో ఈమెయిల్ వచ్చింది. మీ ఖాతాలో ఇంకా డబ్బుంది, ఈ ఏడాది వాడకపోతే పోతుంది, మదర్స్ డేకి మీ అమ్మకి ఆరోగ్యాన్ని కానుకగా ఇవ్వండి అని. కింద కాళ్లకి మసాజ్ చేసే యంత్రాలు, నడుముకి కాపడం పెట్టే ప్యాడ్‌లు, నవ్వుతున్న తల్లులు.

రెండుసార్లు డిలీట్ చేసింది. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం, 'పోతుంది' అన్న మాట దగ్గర ఆగిపోయింది.

అమ్మ తమ దగ్గరే ఉంటోంది. టాక్స్ కాగితాల్లో డిపెండెంట్, ఆ డబ్బు ఆమెకీ వాడొచ్చు. పట్టీ ఆర్డర్ చేయబోతే, ఎవరి కోసం అని అడిగింది ఆ పేజీ.

జాబితాలో రెండు పేర్లున్నాయి. మొదటిది మానవ్.

చాలాసేపటికి రెండోది నొక్కింది.

సోమవారం మీటింగ్‌లో ఉండగా ఫోన్ అదిరింది. అమ్మ గుండె నూట పన్నెండు. టైం మూడూ పది.

మంగళవారం కూడా అంతే. బుధవారమూ అంతే. మూడున్నరకల్లా మళ్లీ డెబ్బై ఎనిమిదికి దిగిపోతోంది.

"మధ్యాహ్నాలు ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగింది, అన్నాలు తినేటప్పుడు.

"ఏముందే. కాసేపు నడుం వాలుస్తా."

ఇంటినుంచి పనిచేసుకోమని మేనేజర్ ఎప్పుడో చెప్పాడు. దేదీప్య మాత్రం మార్చి నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీస్‌కే వెళ్తోంది. మధ్యాహ్నం మూడింటికి ఆ ఇంట్లో ఉండటం తన వల్ల కాదు.

గురువారం డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేయబోయి, ఆగి, కారు తాళాలు తీసుకుంది.

ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అమ్మ లేదు.

వీధి చివర, ఎత్తు మీద కనపడింది. ఎండకి కొంగు తల మీదుగా కప్పుకుని, రోడ్డు వైపే చూస్తూ నిలబడి ఉంది. గబగబా ఎక్కి వచ్చినట్టుంది, భుజాలు ఎగసిపడుతున్నాయి.

దేదీప్య కారు దూరంగానే ఆపింది.

పసుపుపచ్చ స్కూల్ బస్సు మలుపు తిరిగింది. ఆగింది. తలుపు తెరుచుకుంది.

లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టింది. ఐదుగురు దిగారు.

ఇంకా ఎవరో రావాల్సి ఉన్నట్టు కాసేపు ఆ తలుపు తెరిచే ఉంది. తర్వాత మూసుకుంది.

ఐదుగురిలో ఒక పిల్ల జానకీదేవి దగ్గరికి వచ్చింది. పక్కవీధి హంసిక, మానవ్ క్లాసే. బ్యాగ్ కింద పెట్టి, గాలిలో వేలితో ఏదో రాసి చూపించింది. జానకీదేవి కూడా వేలెత్తి అలాగే రాసింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. జానకీదేవి మళ్లీ రాసింది.

దేదీప్య కారు దిగి వెళ్లింది.

"హాయ్ ఆంటీ," అంది హంసిక, తప్పు చేసినదానిలా. బ్యాగ్ తీసుకుంది. "అమ్మమ్మా, రేపు పెద్ద జీ చెప్తా. బై."

పిల్ల కనుమరుగయ్యేదాకా ఇద్దరూ అటే చూశారు.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"వాడు హాస్పిటల్లో పడినప్పటి నుంచీ. క్లాసులో చేసిన కాగితాలు ఈ పిల్లే కదా తెచ్చేది. నేనొచ్చి తీసుకునేదాన్ని. అందరికంటే వెనకబడిపోతానని వాడికి ఒకటే బెంగ."

"తర్వాత?"

"తర్వాత కాగితాలు ఇవ్వడం మానేశారు. ఈ పిల్ల మానలేదు. నోటితోనే చెప్తోంది. వద్దనడానికి నాకు నోరు రాలేదే."

దేదీప్య కారు అక్కడే వదిలేసింది. ఇద్దరూ ఇంటి వైపు నడిచారు.

"స్కూలు ఇంకా తొమ్మిది రోజులేనట," అంది జానకీదేవి.

నాలుగిళ్లు దాటాక దేదీప్య అడిగింది.

"ఇవాళ ఏం చెప్పారు?"

"ఇంగ్లీషు కలిపిరాతలో పెద్ద క్యూ. అచ్చం రెండంకెలా ఉంటుందట. నాకు తోక సరిగ్గా రావట్లేదు."

ఇంటి ముందుకొచ్చారు. జానకీదేవి తలుపు తోసి లోపలికి అడుగు పెట్టబోయింది. దేదీప్య ఆమె చెయ్యి పట్టుకుని, అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"నిన్న?" అంది.