ఆరింటి ప్రకటనలు

"వచ్చిందా?"

వ్యాను పైకప్పు మీద నిలబడి యాంటెన్నా తిప్పుతూ మెకానిక్ అరిచాడు.

"ఎక్కడా! అన్నీ చీమలే," లోపలి నుంచి భార్య బదులిచ్చింది.

"ఇప్పుడో?"

"ఇప్పుడు చీమలతోపాటు గోల కూడా మొదలైంది. కాస్త ఇటు తిప్పండి."

"ఇటంటే ఎటే తల్లీ! నువ్వు నాకు కనబడి చస్తేగా!"

ఆరు కావడానికి పది నిమిషాలుంది. ఆమె గడియారం వంక చూసి చీర చెంగుతో టీవీ తెర తుడిచింది, అక్కడికేదో ఆ చీమలు దుమ్ములోంచి పుట్టినట్టు.

మూడేళ్లుగా ఆ వ్యానే వాళ్లకి ఇల్లు. వెనక పరుపు, స్టవ్వు, కుట్టుమిషన్లు బాగుచేసే పనిముట్ల పెట్టె, బ్యాటరీ మీద నడిచే చిన్న టీవీ. ఏ ఊరెళ్లినా ఒకటే వరస. పొద్దున్నే అక్కడి టీవీ స్టేషన్‌లో కూతురి ఫొటో ఇవ్వడం, పగలంతా మిషన్లు బాగుచేయడం, ఆరింటికి ఆచూకీ ప్రకటనల్లో ఆ ఫొటో వేశారో లేదో చూసుకోవడం. చూసుకోకపోతే నమ్మకమేమిటి? ఒక ఊళ్లో పిల్ల వివరాలు చదువుతూ, తప్పిపోయిన కుక్క ఫొటో వేశారు మహానుభావులు.

ఊళ్లో ఇచ్చిన ప్రకటనలు ముందు వస్తాయి, బయటి ఊళ్ల నుంచి వచ్చినవి తర్వాత. కూతురి ముఖం కనబడి మాయం కాగానే ఆమె టక్కున టీవీ కట్టేసేది. బ్యాటరీ మిగులుతుందని ఆయన సంతోషం. మిగతా ముఖాలు చూసే గుండె ఆమెకి లేదు.

ఇంట్లో ఆ పిల్లని పిట్ట అనేవాళ్లు. ఆ రోజు తండ్రికీ కూతురికీ మాటా మాటా పెరిగింది. "గడప దాటావంటే మళ్లీ మా ముఖాలు చూడవు," అన్నాడాయన. దాటింది. వారం రోజులు ఎదురుచూశాక ఆయన గోడ మీది ముగ్గురి ఫొటో దింపి, మధ్యలో నిలబడ్డ పిట్టని కత్తెరతో కోసి తీశాడు. మిగిలిన దాన్ని మళ్లీ ఫ్రేములో పెట్టి గోడకే తగిలించాడు. పక్కింటివాళ్లకి కూడా చెప్పకుండా బండెక్కారు. తాళంచెవి మాత్రం ఆమె పూలకుండీ కింద పెట్టింది, ఎప్పటిలాగే.

"పోనీ ఒక్కసారి ఇంటికెళ్లి చూద్దామండీ," అని ఆమె ఎన్నిసార్లు అడిగిందో.

"వస్తుందా? నేనన్న మాటకి? అది నా కూతురే! ఆ గడప చచ్చినా తొక్కదు," అనేవాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక తనే హడలిపోయి, ఆ పూటకి అన్నం మానేసేవాడు.

ఈమధ్య ఆమెకి టీవీ హోరులో పిట్ట నవ్వు వినబడుతోంది. చీమల్లోంచి ఒక ముఖం లేచి, పేరు పెట్టి పిలిచేలోపే కరిగిపోతోంది. కంచాలు మూడు పెట్టి, మళ్లీ ఒకటి తీసేస్తోంది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు.

ఇదే ఆఖరి ఊరు. ఆయన కళ్లు మసకబారాయి, ఇక బండి నడపొద్దన్నాడు డాక్టరు. రేపు వ్యాను అమ్మేస్తున్నారు. అంటే వెతకడం ఇవాళ్టితో సరి. పిట్టని తెర మీద చూడటమూ ఇవాళ్టితో సరి.

"ఏవండీ, ఆరైంది! మొదలెట్టేశారు!"

సరిగ్గా అప్పుడే గాలికి యాంటెన్నా గొట్టం పట్టు జారి వాలిపోయింది. తెరంతా తెల్లబడింది.

"అయ్యో, పిట్ట పేరు చదువుతున్నారండీ! వినబడుతోంది, కనబడట్లేదు! తొందరగా!"

"ఉండవే, పట్టుకున్నా!" ఆయన గొట్టాన్ని భుజంతో నెట్టి, నడుముకి చుట్టుకున్న కుట్టుమిషన్ బెల్టు తీసి గట్టిగా కట్టాడు. "ఇప్పుడు?"

లోపలి నుంచి ఏడుపు వినబడింది.

ఆయన దిగి వచ్చాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, పిట్ట ముఖం అప్పుడే మాయమైన తెరకి చెయ్యి ఆనించి ఉంది. ఆయన అలవాటుకొద్దీ టీవీ కట్టేయబోయాడు.

"కట్టేయకండి! మన పిల్లని మళ్లీ ఓసారి చూపిస్తారేమో."

"చూపించరే."

"చూపించకపోతే పోనీండి. ఇంక బ్యాటరీ ఎవరికోసం దాస్తారు?"

ఆయన టీవీ మీట మీంచి చెయ్యి తీసేశాడు. పక్కన చతికిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బయటి ఊళ్ల ప్రకటనలు మొదలయ్యాయి. ఎవరో ముసలాయన, ఎవరో పసివాడు. మూడేళ్లలో మొదటిసారి వాళ్లు ఆ ముఖాలు చూస్తున్నారు. ఒక్కొక్కటీ చీమల్లోంచి తేలి, చీమల్లోకే పోతోంది.

"ఇక చివరి ప్రకటన," అంది తెరలోని అమ్మాయి. "అన్ని స్టేషన్లలోనూ మూడేళ్లుగా రోజూ వేస్తున్నదే. ఎక్కడున్నా వచ్చేయమని, తలుపు తీసే ఉంటుందని ఇంటివాళ్లు కోరుతున్నారు."

"మూడేళ్లట! మనలాగే, పాపం," ఆమె కళ్లు తుడుచుకుంది. "ఎవరికోసమో ఏమో."

పైన గాలి ఆగింది. చీమలు ఒక్కొక్కటిగా చెదిరాయి.

తెర మీద వాళ్లిద్దరే ఉన్నారు, మధ్యలో కత్తెర కోసిన ఖాళీతో.