మూయని కొటేషన్

"మళ్ళీ పంపాడే!" అంది ఆమె, కంప్యూటర్ తెరను చెల్లెలి వైపు తిప్పుతూ.

ముక్కూమొహం తెలియని మనిషి నుంచి అది నాలుగో సవరణ. ఆమె చూసుకునేది ఒక ఉచిత ప్రోగ్రాం. గజిబిజి టెక్స్టును ముక్కలు చేసి వరుసలో పెడుతుంది. ఎన్నో ఆస్పత్రులు రక్తపరీక్షల రిపోర్టులు దాంతోనే నడుపుతున్నాయి. ఆ కోడుకు ఎవరైనా మార్పులు పంపొచ్చు. ఒప్పుకోవడం, తిప్పికొట్టడం ఆమె చేతిలో ఉంది.

ఈయన మాత్రం కోడు జోలికే పోడు. కామాల దగ్గర లైనును విడగొట్టే ఒకే ఒక్క ఫంక్షన్‌ను పట్టుకుని, ఆ కోడు ముక్క ఏం చేస్తుందో చెప్పే వివరణ దిద్దుతున్నాడు.

"మంచిదేగా అక్కా? వివరణ రాయమంటే అందరూ పారిపోతారని నువ్వేగా ఏడుస్తావు."

"అందుకేనే నా అనుమానం! ఎవరూ ముట్టని పని ఊరికే ఎవడు చేస్తాడు? ముందు మంచివాడనిపించుకుంటారు, తర్వాత ప్రోగ్రాం తాళంచెవే అడుగుతారు. చాప కింద నీరులా వస్తారు ఇలాంటివాళ్ళు."

కొత్త వివరణ చదివింది: 'కొటేషన్ గుర్తు తెరిచి మూయకపోతే ఈ ఫంక్షన్ తర్వాతి లైనును కూడా మింగేస్తుంది. హెచ్చరించదు.'

ఇద్దరు రోగుల పేర్లు కల్పించి, ఒక గుర్తు తీసేసి నడిపింది. రెండో రోగి మాయం. అతని రక్తం లెక్కలు మొదటివాడి ఖాతాలో చేరాయి.

"నిజమేనే! మూడేళ్ళుగా చూస్తున్నా, నాకే తెలీదు. ఇంత గుట్టు తెలిసినవాడు మామూలోడు కాదు."

'ముఖం చూపించి మాట్లాడితేనే తీసుకుంటాను' అని రాసింది. పది నిమిషాల్లో వీడియోలోకి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో నోటుపుస్తకం. పక్కన ఒకావిడ.

"ఈ విషయం మీకెలా తెలిసింది?"

"ఒక్కో లైనూ ఇరవైసార్లు చదివానండీ. నోటుపుస్తకంలో రాసుకుంటూ."

"ఎవరైనా మీచేత చదివిస్తున్నారా?"

ఆయన పక్కకు చూశాడు. "ఈవిడే."

చెల్లెలు అక్క మోచెయ్యి గిల్లింది. అక్క గొంతు కటువైంది. "ఏమండీ, అసలు మీకేం కావాలి?"

ఆవిడ నొచ్చుకోలేదు. "ఆ ఫైలు మొదట్లో రాసినవాళ్ళ పేరుంటుంది కదమ్మా. అది ఈయనదే. పాత పాస్‌వర్డు పోయింది, అందుకే కొత్త పేరుతో పంపుతున్నాం. ఉండండి, మందుల వేళైంది, నీళ్ళు తెస్తాను" అని లేచింది.

ఈ ప్రోగ్రాం మొదట రాసి, మూడేళ్ళ క్రితం ఉన్నట్టుండి చెప్పాపెట్టకుండా మాయమైన పెద్దాయన! ఆమె తెర ముందుకి వంగింది.

"క్షమించండి సార్... కానీ మీరు రాసిన ఫంక్షన్‌నే మీరు ఇరవైసార్లు చదవడమేంటి?"

ఆయన వెనక్కి తిరిగి, ఆవిడ వంటింట్లోకి వెళ్ళిందని చూసుకుని, తెరకు దగ్గరగా జరిగి గొంతు తగ్గించాడు.

"తలకి ఆపరేషనైందమ్మా, వెనకటిదేదీ గుర్తులేదు. ఇది నేనే రాశానంటుంది, తను నా భార్యనంటుంది... నమ్మాలో వద్దో తెలీక, ముందు కోడు దగ్గర మొదలుపెట్టాను."