ఎదుట లేని మనిషి

రంగూన్ వెళ్లిన నాన్నతో అమ్మ ఒక్కతే పెరట్లో కూర్చుని మాట్లాడుతుంటే విని, కిందటి శనివారం టెక్కలి నుంచి ఇంటికొచ్చిన లక్ష్మీకాంతం భయంతో దుప్పటి ముసుగు పెట్టాడు. ఆ పొద్దున్నే రంగూన్ ఓడలు ఆగే బారువ రేవు నుంచి ఎవరో మనిషి వచ్చి వెళ్లాడట. అమ్మకి ఏదో గాలి సోకిందనే అనుకున్నాడు.

సోమవారం టెక్కలి హైస్కూల్లో ఇంగ్లీషు మేస్టారు అలంకారాలు చెబుతూ 'అపాస్ట్రఫీ' దగ్గరికి వచ్చారు.

"దూరాన ఉన్నవాళ్లనైనా, పోయినవాళ్లనైనా ఎదుట ఉన్నట్టే పిలిచి మాట్లాడడంరా. కవులందరూ చేసే పనే."

దూరాన ఉన్నవాళ్లు అన్నంతవరకే లక్ష్మీకాంతం చెవికెక్కింది. అమ్మకి గాలీ లేదు, పిచ్చీ లేదు. రెండు రోజుల తర్వాత అన్నం సయించింది.

ఈ శనివారం ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. పెరట్లోంచి అదే గొంతు.

"పిల్లోడు బాగా సదువుతన్నాడు. నువ్వేటీ బెంగెట్టుకోకు. పరీచ్చలయ్యేదాకా ఆడికి ఏ కట్టమూ తెలీనీను."

ఈసారి అతనికి భయం వేయలేదు. ఆ ఇంగ్లీషు మాట చెప్పి అమ్మని నవ్వించాలని తలుపు తీసి పెరట్లోకి వెళ్లాడు.

రంగూన్ తూర్పున, సముద్రం అవతల ఉంది. అమ్మ సముద్రం వైపు చూడడం లేదు.

నాయనమ్మ పోయినప్పుడు పిండం పెట్టడానికి నాన్న తిరిగి కూర్చున్న దక్షిణం వైపుకి తిరిగి, చేతులు జోడించి మాట్లాడుతోంది.