కోతిరాణి పెదాలు

"మళ్లీ తప్పింది! కాళ్ల మీద పడ్డట్టు ఏడవాలమ్మా, ఏడుపేదీ?" అని అద్దం అవతలి నుంచి డైరెక్టర్ కసిరాడు.

తెలివొచ్చిన జంతువులకూ మనుషులకూ యుద్ధం, ఆ సినిమా రెండో భాగం. చివరి సీన్లో తుపాకుల మధ్య నిలబడ్డ కోతిరాణి "మమ్మల్ని మన్నించండి, దొరా" అనాలి. ఆ వేషం కట్టినావిడ గొంతు మొరటుగా ఉందట, డబ్బింగ్ చెప్పమని నన్ను పిలిచారు.

ఎన్నిసార్లు చెప్పినా కుదరడం లేదు. నేను 'మ' అన్నప్పుడల్లా పెదాలు రెండూ కలవాలి. తెరమీద రాణి పెదాలు ఒక్కసారీ కలవడం లేదు.

"సౌండు తీసేసి వేయండి" అన్నాను. ఆ నోటినే కన్నార్పకుండా చూశాను. ఆ కదలికను నా పెదాలతో పట్టుకున్నాను.

"ఇప్పుడు రికార్డు చేయండి."

రాణి తలెత్తింది. నేను గొంతెత్తాను. "తల దించను. కాల్చుకోండి!"

అతికినట్టు సరిపోయింది.

డైరెక్టర్ ముఖం మాడిపోయింది. "ఎవరు చెప్పమన్నారు నిన్నా మాట?"

"నేను కాదు సార్, షూటింగులో ఆవిడే చెప్పింది" అంటూ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేశాను. "గొంతైతే తీసేశారు గానీ, ఆ నోరు మూయించడం మరిచిపోయారు."